గుమ్మడికాయ దీపమూ, అయిదేళ్ళ పిల్లవాడూ

ఈ వారం ఒక్క ఉత్తరానికే జవాబు. మిగతావాళ్ళు కోప్పడకండి. చీరలమీద మరకలు వారం రోజులు ఆగుతాయి గాని, పిల్లవాడి భయం ఆగదు.

ఉత్తరం అమెరికానించి, డల్లాస్ దగ్గర వూరినించి వచ్చింది. రాసినావిడ గుంటూరు ఆడపడుచు. పుట్టింటివారు లూథరన్ క్రైస్తవులు, అత్తవారిది పెంతెకొస్తు సంఘం. ఎనిమిదేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి వున్నారు. ఆవిడ గోడు ఇదీ:

"అక్టోబరు 31న ఇక్కడ హాలోవీన్. నెలముందునించే వీధివీధంతా ఇళ్ళముందు ప్లాస్టిక్ అస్థిపంజరాలూ, వుత్తుత్తి సమాధిరాళ్ళూ పెడతారు. అది సైతాను పండగ, పిల్లల్ని గుమ్మం దాటనివ్వనంటారు మావారు. నిరుడు బడిలో అందరూ వేషాలు వేసుకుని వూరేగుతుంటే మా అమ్మాయి లైబ్రరీలో ఒక్కర్తీ కూచుంది. ఈ యేడు మంత్రగత్తె వేషం వేస్తానని పట్టుపట్టింది. అబ్బాయి ఎదురింటి పచ్చికలోంచి చెయ్యి పైకెత్తిన అస్థిపంజరాన్ని చూసి, 'అమ్మమ్మ కూడా ఇప్పుడిలాగే వుంటుందా?' అన్నాడు. మా అమ్మ ఫిబ్రవరిలో పోయింది. సమాధి చెయ్యడం వాడు వీడియోలో చూశాడు. వారం రోజులుగా సరిగా నిద్రపోవడం లేదు. పండగ చెయ్యనా, మాననా?"

అమ్మా, మీరు అడిగింది పండగ గురించి. అసలు ప్రశ్న అడిగినవాడు మీ అబ్బాయి. ముందు వాడికి జవాబు చెప్పాలి.

"అది వుత్తి బొమ్మరా" అని తేల్చెయ్యకండి. బొమ్మని వాడికీ తెలుసు. వాడడిగింది అమ్మమ్మ సంగతి. పగటిపూట, దగ్గర కూచోబెట్టుకుని, నిజమే చెప్పండి. శరీరం మట్టిలో వుంది, దానికి నొప్పి లేదు, చలి లేదు, అది లేచి రాదు. అమ్మమ్మ దేవుడి దగ్గర వుందని మీరు నమ్ముతారు. ఆ మాట వాడి భాషలో చెప్పండి. ఇంత పెద్ద నమ్మకం చేతిలో పెట్టుకుని పిల్లవాడి దగ్గర నీళ్ళు నమలడం దేనికి? రేపటినించి నాలుగు రోజులు ఇంకో వీధిలోంచి నడిపించండి. ఎదురింటావిడతో సంగతి చెప్పండి. ఆవిడా పిల్లలతల్లే కదా, ఆ చేతిని కాస్త పక్కకి తిప్పుతుంది.

ఇక పండగ. మీవారు సైతాను పండగన్నారు. పేరు చూస్తే మటుకు అది చర్చి ఇచ్చిందే. నవంబరు 1 సకల పరిశుద్ధుల పండగ, దాని ముందు రాత్రి హాలోవీన్. మర్నాడు, నవంబరు 2, సకల ఆత్మల దినం. ఐర్లండులో క్రైస్తవం రాకముందు అదే రోజుల్లో 'సావిన్' అని చలికాలపు పండగ వుండేది; ఆ రాత్రి చనిపోయినవాళ్ళు తిరుగుతారని నమ్మేవారు. ఏది ఎంతవరకు దేన్నించి వచ్చిందో పండితులు ఇంకా తగువులాడుకుంటూనే వున్నారు. బీదవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి, చనిపోయినవాళ్ళకోసం ప్రార్థన చేసి, బదులుగా చిన్న రొట్టెలు పుచ్చుకునే ఆచారం ఇంగ్లండులో వుండేది. 1840ల కరువులో ఐరిష్ వాళ్ళు ఓడలెక్కి అమెరికా వచ్చినప్పుడు తమ పండగనీ వెంట తెచ్చారు. స్వదేశంలో టర్నిప్ దుంప తొలిచి దీపం పెట్టేవారు. అమెరికాలో గుమ్మడికాయ పెద్దది, తొలవడం తేలిక.

కోరలు చెక్కిన గుమ్మడికాయంటే మనకి మరీ అంత కొత్తా? కొత్తిల్లు కడుతుంటే రాక్షసి మొహం వేసి వేలాడగట్టే దిష్టి గుమ్మడికాయకి అది దూరపు చుట్టంలాగే వుంటుంది. ఇంటింటికీ తిరిగి పప్పుబెల్లాలు పట్టుకొచ్చిన దసరా పిల్లలూ మనకి తెలుసు.

ఇప్పుడున్న మిఠాయిల పద్ధతి అంత పాతదీ కాదు. 1920, 30ల్లో ఆ రాత్రి కుర్రాళ్ళు గేట్లు పీకి, కిటికీలు పాడుచేసి వూళ్ళని అల్లరిపెట్టేవారు. విసిగిపోయిన పెద్దలు మిఠాయి లంచం పెట్టి దారికి తెచ్చుకున్నారు. 1950లో ఫిలడెల్ఫియాలో ఒక ప్రెస్బిటేరియన్ పాదిరీ దంపతులు, వేషాల పిల్లలచేత యూనిసెఫ్ కోసం చిల్లర పోగుచేయించడం మొదలుపెట్టారు. ఇంకో చిత్రం వినండి. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్ళకే అయిదు షిల్లింగుల జరిమానా పెట్టారు! ఆ చట్టం 1681 దాకా వుంది.

ఇదంతా మీవారు తప్పు అని చెప్పడానికి కాదు. నెత్తురోడే మొహాలూ, తెగిన చేతులూ నాకూ వెగటే. ఈ పండగ వద్దనుకునే క్రైస్తవులు అమెరికాలోనే బోలెడంత మంది వున్నారు. కొన్ని చర్చిలు ఆ సాయంత్రం ఆవరణలో కార్లు నిలబెట్టి, వెనక డిక్కీల్లోంచి పిల్లలకి మిఠాయిలు పంచుతాయి. మన క్రైస్తవ కుటుంబాలకి ప్రతి సంక్రాంతికీ పక్కింటి అరిసెల పళ్ళెంతో ఇదే సందేహం వస్తుంది. ఒకరు పుచ్చుకుంటారు, ఒకరు మానేస్తారు, ఇద్దరూ ఆదివారం ఒకే బల్లమీద కూచుంటారు. కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు తేల్చబోయింది ఈ తగువే. విగ్రహానికి పెట్టిన తిండిలో ఏమీ లేదని తెలిసినా, బలహీనమైన మనసున్నవాడు తొట్రుపడేట్టయితే తినవద్దన్నాడు. మీ ఇంట్లో ఆ బలహీనుడు మీరు కాదు, మీవారూ కాదు. అయిదేళ్ళవాడు. భార్యాభర్తలిద్దరూ, పిల్లలు నిద్రపోయాక, ఆ అధ్యాయం ముందు పెట్టుకుని మాట్లాడుకోండి. పిల్లలముందు మటుకు వాదించుకోకండి.

మంత్రగత్తె వేషం వద్దనుకుంటే అమ్మాయికి సూటిగా వద్దనే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. కాని చేతిలో వుత్త 'వద్దు' పెట్టి లైబ్రరీకి పంపకండి. ఆ కుర్చీలో కూచున్న గంటని ఆ పిల్ల పెద్దయినా మరిచిపోదు. ఎస్తేరు రాణిని చెయ్యండి, తలపాగా చుట్టి రుద్రమదేవిని చెయ్యండి. ఎంచుకోవడం మటుకు ఆ పిల్లకి వదలండి. మీవారు దానికీ ఒప్పుకోకపోతే, ఆ రోజు బడికి చెప్పి సెలవు పెట్టించి, మీరూ సెలవు పెట్టి, అమ్మాయిని ఎక్కడికైనా తీసుకువెళ్ళండి.

సాయంత్రానికి అక్కడో మంచి ఆనవాయితీ వుంది. వాకిట్లో దీపం వెలిగితే పిల్లలు రావచ్చు, ఆర్పేస్తే రాకూడదు. ఎవరూ తప్పుపట్టరు. వెలిగించే పక్షంలో మిఠాయి గిన్నె మీవారి చేతికివ్వండి. వచ్చే దయ్యాలన్నిటికీ ముందుపళ్ళు వూడిపోయి వుండడం ఆయన కళ్ళారా చూస్తారు. సువార్త కరపత్రం ఇవ్వదలిస్తే ఇవ్వండి, మిఠాయి లేకుండా మటుకు ఇవ్వకండి. మిఠాయిలో విషం పెడతారన్న భయం ఏటా పుడుతూనే వుంటుంది. టెక్సాస్‌లోనే 1974లో ఒక పిల్లవాడు చనిపోయాడు నిజమే, కాని విషం పెట్టింది కన్నతండ్రి. అసలు భయపడవలసింది చీకట్లో వచ్చే కార్లకి.

అక్టోబరు 31 మీ పుట్టింటివారికి మరో పండగ కూడాను. 1517లో లూథర్ తన తొంభై అయిదు వాదాలు ప్రకటించిన రోజు. ఆయన పేరిట హేయర్ అనే పాదిరీ అమెరికానించి గుంటూరు వచ్చింది 1842లో. మీరు గుంటూరునించి అమెరికా వెళ్ళారు. పిల్లలకి ఆ కథ చెప్పారా?

నవంబరు 2 సంగతి మరిచిపోకండి. మనవైపు సమాధుల పండగనాడు సున్నాలు కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు పెట్టి, కుటుంబాలు కుటుంబాలే అక్కడ కూచుంటాయి. పిల్లలు ఆ రాళ్ళమధ్యే ఆడుకుంటారు. గుంటూరులో ఎవరినైనా మీ అమ్మగారి సమాధి దగ్గరికి వెళ్ళి వీడియోలో చూపించమనండి. ఇక్కడ దీపాలు పెట్టే వేళకి మీకు తెల్లవారి వుంటుంది. మట్టి పోయడం చూసినవాడు పూలూ చూడనివ్వండి.

అమ్మాయి చివరికి ఏ వేషం వేసిందో రాయండి. రుద్రమదేవి అయితే కత్తి అట్టముక్కతో చెయ్యండి. బడివాళ్ళు అదీ వద్దంటే డాలు చాలు.