మేడిచెట్టు మీద జక్కయ్య

"నాన్నా, జక్కయ్యది మన జగ్గయ్యపేటేనా?"

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఐదేళ్ళ అమ్మాయి వేసిన ప్రశ్న ఇది. ఒళ్ళో బైబిలు బొమ్మల పుస్తకం. నందిగామలో కాపురమున్నవాళ్ళ ఇళ్ళల్లో జగ్గయ్యపేట మాట రోజూ దొర్లుతూనే ఉంటుంది గనక, దాని అనుమానం సబబైనదే. "కాదమ్మా, ఆయనది యెరికో. చాలా దూరం" అన్నాను. అంత దూరం వాడు మన పేరెందుకు పెట్టుకున్నాడని మళ్ళీ అడిగింది. తెలుగు ఎమ్మే చదివి ఇన్నేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నా, నాకు చప్పున సమాధానం తట్టలేదు.

కథ తెలియని పాఠకులకు రెండు ముక్కలు. జక్కయ్య సుంకపు గుత్తదారు. డబ్బుంది, పొడుగు లేదు. యేసు ఊళ్ళోకి వస్తున్నాడని విని చూడబోతే జనం అడ్డం. ముందుగా పరుగెత్తి వెళ్ళి మేడిచెట్టెక్కి కూర్చున్నాడు. యేసు ఆ చెట్టు కిందే ఆగి, తల ఎత్తి, ఇవాళ బస మీ ఇంట్లోనే అన్నాడు. జనం సణుక్కున్నారు. జక్కయ్య మాత్రం ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. లూకా రాసిన సువార్తలో ఉన్నది ఇంతే.

సుంకమంటే ఏమిటో చెప్పడానికి హైదరాబాదు రోడ్డు మీది చిల్లకల్లు టోలుగేటు అక్కరకొచ్చింది. పొట్టితనం సంగతి చెప్పనే అక్కర్లేదు. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో నా భుజమెక్కేదాకా దానికి కనపడినవి పెద్దవాళ్ళ మోకాళ్ళే. చిక్కల్లా చెట్టు దగ్గర వచ్చింది.

"ఇది మేడిచెట్టు కాదు. కాయలేవీ?"

చూస్తే నిజమే. బొమ్మలో ఉన్నది ఏ శీతల దేశపు చెట్టో. మునేటి ఒడ్డున మేడిచెట్టుకు మానునంటుకుని గుత్తులుగా కాయలు వేలాడటం మా పిల్ల కళ్ళారా చూసింది. ఆ సాయంత్రం పుస్తకాలు తిరగేశాను. యెరికో వైపు పెరిగే ఆ చెట్టూ మన మేడీ ఒకే జాతివి. దానికీ కాయలు మానుకూ, లావుపాటి కొమ్మలకూనే కాస్తాయి. లూకా మాటను తెలుగు చేసినవారికి చెట్టు ఎరుకే. బొమ్మ వేసినాయనకే ఎరుక లేదు.

ఈ బొమ్మల పుస్తకాల దగ్గరికి నేను ఆలస్యంగా వచ్చాను. మా పెద్దవాడికిప్పుడు పద్నాలుగేళ్ళు. వాడి ఐదో ఏట నుంచీ వారానికొక కంఠత వాక్యం వప్పజెప్పించాను. వచ్చెను, పలికెను అని ఆ గ్రాంథిక భాష వాడి నోట పలుకుతుంటే తెలుగు మాష్టరుగా మురిసిపోయేవాణ్ణి. తప్పితే చెవి మెలేసేవాణ్ణి. ఇంటికి చుట్టాలొస్తే ఇరవై మూడో కీర్తన గుక్క తిప్పుకోకుండా చదివించేవాణ్ణి. ఇప్పుడు వాడు ఆ గ్రంథం ముట్టుకోడు. ఎందుకురా అంటే, "అది పరీక్ష పుస్తకం కదా నాన్నా" అన్నాడు. కోపంతో అన్నా బాగుండేది. మామూలుగానే అన్నాడు.

బొమ్మతో కథ చెప్పడం మన సీమకు కొత్త కాదు. 1882లో జగ్గయ్యపేట స్తూపం దగ్గర బర్జెస్ దొర తవ్వించినప్పుడు ఒక రాతి పలక బయటపడింది. మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బులోంచి చదరపు నాణేలు జలజలా రాలుతుంటాయి. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. అక్షరం రానివాడికి కూడా అది కథే. ఐరోపాలో కొమేనియస్ అనే క్రైస్తవ గురువు పిల్లలకు బొమ్మల వాచకం అచ్చు వేయించింది 1658లో. అంతదాకా ఎందుకు, మా తరానికి బేతాళుడంటే చందమామలో శంకర్ వేసిన బొమ్మే. విక్రమార్కుడి కథ మాచేత ఎవరూ బలవంతాన చదివించలేదు.

అయితే ఒకసారి కంటపడిన బొమ్మ చచ్చేదాకా వదలదు. యోనాను మింగింది పెద్ద చేప అని తెలుగు బైబిల్లో ఉన్నా, బొమ్మల్లో ఎప్పుడూ తిమింగలమే. జ్ఞానులు ఎందరో మత్తయి చెప్పలేదు, బొమ్మల్లో ముగ్గురే. వీటితో నాకు పేచీ లేదు. జలప్రళయంలో మునిగిపోయేవాళ్ళ మొహాలు పసివాళ్ళకు చూపించే పుస్తకాలతోనూ, ప్రతి పేజీ అడుగునా ప్రశ్నలు వేసే పుస్తకాలతోనూ నాకు పేచీ. ఇక పరాయి బొమ్మల కింద, ఇంగ్లీషు నుంచి మక్కికి మక్కి దింపిన మూరెడేసి తెలుగు వాక్యాలా! అవి పిల్లలకు వినిపించాలంటే మళ్ళీ నేను తెలుగు చెయ్యాల్సొస్తోంది.

మర్నాడు సాయంత్రం పిల్లను మునేటి ఒడ్డుకు తీసుకువెళ్ళాను. పెద్దవాణ్ణి రమ్మనలేదు, వాడే సైకిలు మీద వెనకాల వచ్చాడు. మేడికాయలు లెక్కపెట్టడం అయ్యాక, జక్కయ్య ఇంట్లో ఆ రోజు ఏం వండారని అడిగింది పాప. పుస్తకంలో ఆ బొమ్మ లేదన్నాను.

ఇంటికొచ్చి కాగితం తీసుకుని తనే వేసింది. విస్తరి, అన్నం, ముద్దపప్పు, ఎర్రగా ఆవకాయ. పక్కన చెట్టు కుదరక అన్నను బతిమాలింది. వాడు కాస్సేపు గునిసి, పెన్సిలు పుచ్చుకుని, మానునిండా కాయలు వేసిపెట్టాడు.