వంటింటి గుమ్మం

ఇరవై ఏళ్ళుగా నేను కాలేజీలో ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ గురించి పాఠం చెబుతున్నాను. 1830 మే నెలలో ఆయన చెన్నపట్నంలో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరుకుని, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన వైనం నాకు కంఠోపాఠం. ఏ మజిలీలో మంచినీళ్ళ వసతి ఉన్నదీ, ఏ ఊళ్ళో అంగళ్ళు ఉన్నదీ ఆయన ఓపికగా రాసి పెడితే, అంత ఓపికగానూ నేను పిల్లలచేత వల్లె వేయించాను. కిందటేడు ఒక కుర్రవాడు లేచి నిలబడి, “మాస్టారూ, తమరు కాశీ ఎప్పుడు వెళ్ళారండీ?” అని అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. ఎందుకు దాచాలి? ఓరుగల్లు దాటి ఉత్తరానికి నేను ఏనాడూ పోయినవాణ్ణి కాను.

ఆ సాయంత్రమే కాశీలో ఉన్న మిత్రుడికి ఫోను చేశాను. ఆయన అక్కడ సంస్కృతం లెక్చరరు. ఒకప్పుడు హైదరాబాదులో అధ్యాపకుల శిక్షణ తరగతులకు వెళ్ళినప్పుడు మూడు వారాలపాటు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఆయనకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. సగం సంస్కృతం, పావు హిందీ, పావు ఇంగ్లీషు కలిపి ఒక కొత్త భాష తయారుచేసుకుని కాలక్షేపం చేశాం. తరవాత ఆయన తిరుపతి యాత్రకు వస్తూ, భార్యనూ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని మా గుంటూరులో నాలుగు రోజులు ఉన్నాడు. ఆ బాకీ తీర్చుకోవడానికి ఏటా రమ్మని పిలుస్తూనే ఉన్నాడు.

“సంక్రాంతి సెలవులకు వస్తున్నాం” అన్నాను. ఆయన సంతోషానికి హద్దు లేదు. మా ఆవిడ మాత్రం మొహం ముడుచుకుంది.

కారణం ఉంది. ఆ నాలుగు రోజులూ మా ఆవిడ ఒంటికాలిమీద నిలబడి చాకిరీ చేసింది. గుంటూరు కారం వాళ్ళకు పడదని ప్రతి కూరా రెండు గిన్నెల్లో వండింది. అంత చేస్తే, ఆ వచ్చినావిడ నాలుగు రోజులూ మా వంటింటి గుమ్మం వదిలితే ఒట్టు. పొయ్యి వంకా, గిన్నెల వంకా చూస్తూ అక్కడే నిలబడేది. “మనిషి మంచిదే కావచ్చునండీ, కానీ ఏమిటీ తనిఖీ? నా వంటింట్లో ఏం శుభ్రం తక్కువైందని?” అని మా ఆవిడ రాత్రిళ్ళు నా దగ్గర వాపోయేది. మూడో రోజున వంటింటి తలుపు ఓరగా దగ్గరికి వేసేసింది. ఆ ఓరవాకిలి సంగతి నేను మర్చిపోయాను గాని, ఆవిడ మర్చిపోలేదు.

ఏమైతేనేం, మా అబ్బాయిని హాస్టల్లో వాడి పరీక్షలకు వదిలి, విజయవాడలో రాత్రి రైలెక్కాం. తెల్లవారి చూస్తే, రైలు వీరాస్వామయ్యగారి దారినే పోతోంది. నాగపూరు! జబ్బల్పూరు! నేను ప్రతి స్టేషనులోనూ పుస్తకంలో సంగతులు చెబుతూంటే, మా ఆవిడ పులిహోర పొట్లాలు విప్పుతూ, “ఆయనకు డేరాలూ, బోయీలూ, పరివారమూ ఉన్నాయి. మీకు నేనున్నాను” అంది. అగస్త్య మహాముని కాశీ వదిలి వింధ్యను దాటి మన వైపు వచ్చాడు. మేము కూర్చున్న చోటనే, వేరుసెనగ కాయలు ఒలుచుకుంటూ, అటు దాటాం.

పెట్టెలో కూర్చున్న తెలుగువాళ్ళంతా ఒక్కటే ప్రశ్న: “కాశీలో ఏం వదులుతున్నారు?” ఇష్టమైన కాయో పండో ఒకటి అక్కడ వదిలి రావడం మనవాళ్ళ ఆచారం కదా. నాకు గుండెలు దడదడలాడాయి. మా ఇంట్లో ఇష్టమైన కాయ ఏదో లోకానికంతా తెలుసు. ఈవిడ గనక వంకాయ వదిలిందంటే, నా జీవితంలో గుత్తివంకాయ కూర అన్నది చరిత్రలో కలిసిపోయినట్టే. అడిగితే, “అక్కడికి వెళ్ళాక చూద్దాం” అంది.

పుష్యమాసపు పొగమంచులో రైలు ఏడు గంటలు ఆలస్యమైంది. మొగల్‌సరాయిలో దిగాం. 2018లో దానికి పండిత దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు గాని, కూలీల నోట ఇంకా పాత పేరే వినిపించింది. ఆ ఏడు గంటలూ మా మిత్రుడు ప్లాట్‌ఫారం మీదే మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆయన ఇల్లు అస్సీ ఘాట్‌కు దగ్గర ఒక సన్నని సందులో. సందు ఎంత సన్నమంటే, ఎదురుగా ఎద్దు వస్తే మనం ఎవరి అరుగైనా ఎక్కాలి. ఎద్దు మాత్రం దారి ఇవ్వదు. ఇంట్లో ఉన్నవి మూడు గదులు. ఎండ పడే గది మాకిచ్చి, పిల్లలిద్దరినీ నాయనమ్మ గదిలోకి పంపారు. మంచం మీద రెండు కొత్త రజాయిలు. వాటి అంచుకు దుకాణం చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

మర్నాడు తెల్లవారకుండానే మిత్రుడు అల్లం టీ కాచి తెచ్చాడు. చదువరులు గమనించాలి, మిత్రుడే కాచాడు. కాసేపటికి వేడివేడి కచోడీలు, కూర, జిలేబీ. మా ఆవిడ తిన్న పళ్ళెం తీయబోతే, ఆ ఇల్లాలు చటుక్కున అందుకుని “బైఠియే, బైఠియే” అంది. నీళ్ళ చెంబు ముట్టుకోబోతే “బైఠియే.” మా రజాయిలు మడవబోతే వాళ్ళ చిన్నపిల్ల పరుగున వచ్చి “బైఠియే.” హిందీలో కూర్చోమనడమేనండి.

ఆ రోజు భోగి. సారనాథ్ వెళ్ళాం. ఊరికి పది కిలోమీటర్లు. బుద్ధుడు మొట్టమొదటి ధర్మోపదేశం చేసిన చోటు. ధమేఖ్ స్తూపం చూస్తుంటే, మా ఊరికి వచ్చినప్పుడు వాళ్ళకు మేము చూపించిన అమరావతి గుర్తుకు వచ్చింది. అక్కడి మ్యూజియంలో, 1905లో తవ్వకాల్లో బయటపడ్డ అశోకుడి సింహాల శిఖరం ఉంది. ఏడడుగుల ఎత్తు, అద్దంలా మెరిసే నునుపు. 1950 జనవరి 26న మన దేశపు రాజముద్ర అయినది దీని రూపమే. బొమ్మలో మూడు సింహాలే కనిపిస్తాయి. అసలు శిల్పంలో నాలుగు. నేను ముందు నిలబడి మౌర్యుల శిల్పాన్ని గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. మా ఆవిడ నా మాట వినకుండా వెనక్కు నడిచి వెళ్ళి, చాలాసేపు అక్కడే నిలబడింది. తిరిగి వచ్చి, “రూపాయి బిళ్ళ మీద కనిపించనిది ఇదన్నమాట. దీని మీసం కూడా అంత శ్రద్ధగానే చెక్కాడండీ” అంది.

సాయంత్రం ఇంటికి వచ్చాక మా మిత్రుడూ నేనూ శ్రీనాథుడి మీద పడ్డాం. వ్యాసుడికి కాశీలో భిక్ష దొరక్కపోవడం, ఆకలి కోపంలో ఆయన ఊరినే శపించబోవడం, విశాలాక్షి ఇల్లాలి రూపంలో ఎదురై పిలిచి అన్నం పెట్టడం, ఇవన్నీ భీమేశ్వర పురాణంలో ఉన్నవే. నేను తెలుగులో మొదలుపెట్టి సంస్కృతంలో తేల్చేలోగా ఒక గంట గడిచింది. నీళ్ళకోసం లేచి చూద్దును గదా, మా ఆవిడ వాళ్ళ వంటింటి గుమ్మానికి చేరగిలబడి నిలబడి ఉంది. పొయ్యి వంకా, గిన్నెల వంకా చూస్తోంది.

ఆ రాత్రి రజాయి కింద చాలాసేపటిదాకా ఆవిడకు నిద్ర పట్టలేదు. చివరికి అంది: “ఏమండీ, ఆవిడ మన వంటింటి గుమ్మంలో ఎందుకు నిలబడిందో ఇవాళ తెలిసింది.”

“ఎందుకు?”

“చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. పెళ్ళయినప్పటినుంచీ పొద్దున లేస్తే పనిచేసే చేతులు. ఊరికే కూర్చోమంటే ఎట్లా కూర్చుంటాయి? భాష రాదు. ‘ఏదైనా అందుకోనా?’ అని అడగడానికైనా మాట లేదు. మీరిద్దరూ కుర్చీల్లో కూర్చుని వ్యాసుడి ఆకలి గురించి మాట్లాడుకుంటారు. మేము ఎక్కడికి పోవాలి? కాళ్ళు వాటంతట అవే వంటింటి వైపు పోతాయి. దాన్ని నేను తనిఖీ అన్నాను. ఆవిడ మొహం మీద తలుపు వేశాను.”

నేనేమీ అనలేకపోయాను. అన్నం దొరకని అతిథి కోపాన్ని శ్రీనాథుడు రాశాడు. మూడు పూటలా అన్నం దొరికి, పని దొరకని అతిథి బాధను ఏ కవీ రాసినట్టు నాకు జ్ఞాపకం లేదు.

సంక్రాంతి నాడు తెల్లవారుజామున అందరం గంగకు వెళ్ళాం. కాశీలో గంగ ఉత్తరంగా పారుతుంది. ఘాట్లన్నీ పడమటి ఒడ్డున ఉండి, సూర్యోదయానికి ఎదురు నిలుస్తాయి. కాని ఆ రోజు పొగమంచులో సూర్యుడు తెల్లని రూపాయి బిళ్ళలా ఉన్నాడు. మూడు మునకలు వేసేసరికి నాకు ప్రాణం కైలాసం దాకా పోయి వెనక్కు వచ్చింది. తరవాత విశ్వనాథుడి దర్శనం. ఇప్పుడున్న గుడి 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. 2021 డిసెంబరులో గుడినుంచి గంగ దాకా వెడల్పాటి దారి తెరిచారు. అక్కడికి దగ్గరలోనే అన్నపూర్ణమ్మ గుడి. అక్కడ మా ఆవిడ మిగతా అందరికంటే కొంచెం ఎక్కువసేపు కళ్ళు మూసుకుంది.

మన సంక్రాంతిని అక్కడ ‘ఖిచిడీ’ అనే అంటారు. ఆ రోజు ఇంటింటా ఖిచిడీ వండాల్సిందే. మన పులగానికి అక్కగారనుకోండి. ఇంటికి రాగానే ఆ ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళింది. మా ఆవిడ యథాప్రకారం గుమ్మంలో నిలబడింది. ఈసారి ఆ ఇల్లాలు వెనక్కు తిరిగి చూసింది. ఒక్క క్షణం చూసింది. ఏమర్థమైందో, ఏం గుర్తుకు వచ్చిందో గాని “బైఠియే” అంది. అంటూనే తన పక్కన ఒక పీట వాల్చి, నిప్పుల మీద కాల్చిన నాలుగు పెద్ద వంకాయలున్న పళ్ళెం ముందుకు జరిపింది.

మా ఆవిడకు చెప్పాలా? తొక్క వలవడం, గుజ్జు మెదపడం, పచ్చిమిరపకాయలు తరగడం చకచకా సాగిపోయాయి. వాళ్ళు ‘చోఖా’ అంటారు, మనం కాల్చిన వంకాయ పచ్చడి అంటాం. ఆవిడ ఆవనూనె పోయబోతుంటే, ఈవిడ చింతపండు ఉందా అని సైగ చేసింది. ఇద్దరికీ నవ్వు. మా అబ్బాయి మా ఫోనులో హిందీని తెలుగు చేసే సదుపాయం ఒకటి పెట్టి ఇచ్చాడు. ఆ సమయంలో వాళ్ళిద్దరి చేతులూ గుజ్జులో ఉన్నాయి గనక దాని అవసరం ఎవరికీ తోచలేదు. ఒకరు తెలుగులో, ఒకరు హిందీలో గంటసేపు మాట్లాడుకున్నారు.

ఖిచిడీకి నలుగురు స్నేహితులని అక్కడివాళ్ళ సామెత: పెరుగు, అప్పడం, నెయ్యి, ఊరగాయ. ఆ పూట ఊరగాయ స్థానంలో మా గుంటూరు గోంగూర కూర్చుంది. రెండు వంకాయ పచ్చళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. వాళ్ళ పెద్దావిడ రెండూ రుచి చూసి, తన కోడలి వైపు చూసి, ఈవిడది ఇంకొంచెం వేయించుకుంది.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు గనక ఆ రోజూ ఉండి, ముక్కనుమనాడు బయలుదేరాం. పొద్దున్నే పడవ ఎక్కాం. చలికాలంలో దూరదేశాలనుంచి వచ్చే తెల్లని పక్షులు పడవ చుట్టూ మూగాయి. నడి గంగలో నేను ధైర్యం చేసి అడిగాను.

“ఇంతకీ ఏం వదిలావు? వంకాయేనా?”

“వంకాయనా? ఇప్పుడెట్లా వదులుతాను? కాకరకాయ వదిలాను” అంది.

మా ఇంట్లో కాకరకాయ ఎవరూ తినరు. గంగమ్మతోనే బేరమాడిందని నవ్వుకుని, “మరి నేనేం వదలమంటావు?” అన్నాను.

“మీరా? ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు ఆ పడక్కుర్చీ వదలండి, చాలు.”

తిరిగి వచ్చేటప్పుడు సామాను సర్దుతుంటే, ఆ ఇల్లాలు మా ఆవిడ చేతిలో ఒక పొట్లం పెట్టింది. విప్పి చూస్తే నువ్వుల లడ్లు. మా ఆవిడ ఆ చేతులు రెండూ పట్టుకుని, తెలుగులో ఏదో చెప్పింది. ఓరవాకిలి గురించే చెప్పిందని నాకు తెలుసు. ఆవిడకు ఎంత అర్థమైందో తెలియదు. తల మాత్రం ఊపింది.

కాశీ వెళ్ళి వచ్చి ఇప్పటికి నెల దాటింది. మొన్న క్లాసులో వీరాస్వామయ్యగారి పాఠం వచ్చినప్పుడు, ఆ కుర్రవాడి వంక చూసి గర్వంగా గొంతు సవరించుకున్నాను. అయితే, ఆయన ప్రయాణం తన పరివారంతో, తన డేరాలతో సాగింది గనక, పరాయి వంటింటి గుమ్మం సంగతి నేను సొంతంగా కలుపుకోవలసి వచ్చింది.

ఇంట్లో కూడా కొత్త పద్ధతి వచ్చింది. వచ్చిన చుట్టానికి కాఫీ ఇచ్చి, భోజనం పెట్టి, ఆపైన చిన్నదో పెద్దదో ఒక పని చేతిలో పెడుతున్నాం. ఇది మర్యాద తక్కువని మొదట్లో నేను జంకాను. కాని గంటలో మా ఇల్లు వాళ్ళ ఇల్లయిపోతోంది. ఇవాళ మా తోడల్లుడూ మరదలూ వచ్చారు. ఆయన ముందు చిక్కుడుకాయల పళ్ళెం ఒకటి ఉంది. నా ముందు ఇంకొకటి ఉంది. పడక్కుర్చీ ఖాళీగా ఉంది.

ఇక సెలవు. ఈనెలు తీయాలి.