పిల్లిని సంచిలో కుక్కొద్దు!

“పిల్లికి కూడా డాక్టరా?” అని నవ్వేవాళ్లు మా కూచిపూడిలోనే కాదు, బెజవాడలోనూ ఉన్నారు. గేదెకు జబ్బు చేస్తే ఇల్లంతా కదులుతుంది. పాలిస్తుంది కదా! కుక్కనైతే గొలుసు పట్టుకుని నడిపించుకు వెళ్తారు. పిల్లి దగ్గరికొచ్చేసరికి “అదే తగ్గిపోతుందిలే” అంటారు. ఇందులో సగం నిర్లక్ష్యం, సగం దాన్ని పట్టి తీసుకెళ్లడం మనవల్ల కాదన్న భయం. కానీ పిల్లి అంతలా బెదిరిపోవడానికి కారణం మనమేనని నా అభిప్రాయం.

మన పల్లెల్లో పిల్లిని ఇల్లు దాటించడమంటే గోనెసంచే. పాలగిన్నె ఖాళీ చేసే పిల్లిని సంచిలో కుక్కి కాలువ అవతల వదిలి రావడం పాత అలవాటు. జబ్బు చేసిన పిల్లికీ అదే సంచి! లోపల చీకటి, ఉక్క, ఆటో కుదుపులు. తీరా అది రక్కితే “పొగరుబోతు పిల్లి” అంటాం. కుక్క మనిషిని నమ్ముకుంటే, పిల్లి ఇంటిని నమ్ముకుంటుందంటారు పెద్దలు. తన వాసన ఉన్న చోటే దానికి ధైర్యం.

అందుకే గట్టి బుట్ట కావాలి. పిల్లుల కోసం అమ్మే ప్లాస్టిక్ పెట్టె కొనగలిగితే మంచిదే. లేకపోతే ఒకే సైజు కూరగాయల బుట్టలు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో గట్టిగా కట్టినా చాలు. దాన్ని ప్రయాణం రోజున అటక మీంచి దించితే లాభం లేదు. వారం పది రోజుల ముందే ఇంట్లో ఓ మూల పెట్టి, అది పడుకునే పాత చీర ముక్క పరిచి, చేప ముక్కో, పెరుగన్నమో అందులోనే పెట్టండి. దానంతటదే వెళ్లి పడుకుంటుంది.

మా ఊరి నుంచి పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ చేరాలంటే గంట పైమాటే. పెద్ద పిల్లికి బయల్దేరే ముందు మూడు, నాలుగు గంటలు తిండి పెట్టకపోతే వాంతులు తగ్గుతాయి. బుట్ట మీద గాలాడేలా పల్చటి గుడ్డ కప్పి, ఒళ్లో కదలకుండా పట్టుకోండి. నిద్రపోతుందని మన మాత్రలు మాత్రం వేయకండి. పారాసిటమాల్ ఒక్క బిళ్ల కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

ఆస్పత్రిలో బుట్టను కింద పెట్టకుండా, కుక్కలకు దూరంగా బల్ల మీద పెట్టండి. మెడ పట్టి బయటికి లాగేకంటే, పై బుట్ట తీసి అందులో ఉండగానే చూడమని డాక్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు?

“ఇంత శ్రమ, ఖర్చు దేనికి?” అని ఇంట్లో మగవాళ్లు అడగొచ్చు. రేబిస్ కుక్కలకే కాదు, పిల్లులకూ వస్తుంది. పిల్లితో ఆడుకునేది మన పిల్లలే. లక్షణాలు కనిపించాక ఆ జబ్బు నుంచి బతికి బయటపడడం దాదాపు అసాధ్యం. పిల్లికి మూడు నెలలు నిండాక సూది వేయించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ వేయిస్తుండాలి. ఈలోగా ఎవరినైనా కరిచినా, రక్కినా ఆ చోట పావుగంట సేపు సబ్బుతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఏటా సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు, చాలా పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు ఉచితంగా టీకా వేస్తారు. అయితే ఆ వరుసంతా కుక్కలే! వాటి మధ్య నిలబెడితే బుట్టలో పిల్లి గుండె ఆగినంత పనవుతుంది. గన్నవరంలో 1998 నుంచీ పశువైద్య కళాశాల నడుస్తున్న జిల్లా మనది. టీకాల రోజున మొదటి గంట పిల్లులకే కేటాయించమని మన మండలాల పశువైద్యశాలలను కోరితే కాదంటారా? దీనికి పైసా ఖర్చు లేదు. నలుగురు ఆడవాళ్లు కలిసి అడిగితే చాలు.