తుమ్మలపల్లె నీళ్లను ఎవరు కొలవాలి?

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన భారత భూగర్భ సర్వే సంస్థ గుర్తించిన ఒక జాతీయ స్మారకం ఉంది. అది గుడీ కాదు, మండపమూ కాదు. కొండను తొలిచి రోడ్డు వేసినప్పుడు బయటపడిన రాతి గోడ. కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఆ రెంటి మధ్య పదుల కోట్ల ఏళ్ల ఎడం ఉందని శాస్త్రవేత్తల మాట. రోజూ వేలమంది దాని ముందు నుంచే పోతారు కానీ ఆగి చూసేవాళ్లు తక్కువ.

ఆ పై పొరలు కడప బేసిన్‌కు దక్షిణపు అంచు. అదే బేసిన్ ఉత్తరంగా సాగి పులివెందుల వైపు చేరేసరికి, వేంపల్లె పొరలని పిలిచే సున్నపు జాతి రాతిలో యురేనియం దొరికింది. వేముల మండలం తుమ్మలపల్లెలో 2007 నవంబరు 20న గనికీ, ముడిరాతిని శుద్ధి చేసే కర్మాగారానికీ శంకుస్థాపన జరిగింది. 2012 నుంచి పని నడుస్తోంది. నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్.

పాత సంగతి ఇప్పుడెందుకని పాఠకులు అడగవచ్చు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం ఒక పెద్ద లెక్క చెప్పింది. 2047 నాటికి దేశంలో లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు కావాలని, చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. ఇప్పుడున్నది దాదాపు 9,000 మెగావాట్లు. ఆ ఏడాది డిసెంబరులోనే అణు రంగంలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చే చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను కూర్చి ‘శాంతి’ అని పిలిచారు. పేర్లు పెట్టడంలో మన ప్రభుత్వాలకు లోటు లేదు. ఇన్ని రియాక్టర్లు వస్తే వాటికి ఇంధనం కావాలి. విదేశాల నుంచి కొన్న యురేనియాన్ని అంతర్జాతీయ తనిఖీలో ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. కల్పాక్కం లాంటి చోట తనిఖీ బయట ఉన్న రియాక్టర్లకు మన నేలలో తీసిందే ఆధారం. అందువల్ల తుమ్మలపల్లె అవసరం పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

ఈ గని వెనుక ఉన్న పరిశోధన నిజంగా గొప్పది. దాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తుమ్మలపల్లె రాయి చాలా పేదది. టన్ను రాతిని పిండితే దక్కే యురేనియం ఆక్సైడు అర కిలో కూడా ఉండదు. జార్ఖండ్‌లోని జాదూగూడలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి యురేనియాన్ని కరిగిస్తారు. ఇక్కడ ఆ పద్ధతి కుదరదు. సున్నపు జాతి రాతి మీద ఆమ్లం పోస్తే యురేనియం కరగకముందే ఆమ్లాన్ని రాయే తాగేస్తుంది. అందుకే భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి వేరే దారి కనుక్కున్నారు. బట్టల సోడా, వంట సోడా జాతి రసాయనాల ద్రావణంలో రాతిపొడిని కలిపి, మూసిన పాత్రల్లో ఒత్తిడితో, ఆక్సిజన్‌తో ఉడికిస్తారు. యురేనియం ఆ సోడా నీటిలోకి దిగుతుంది. దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఈ పద్ధతి నడిచింది ఇక్కడే మొదట. అలా తీసిన పసుపు పొడి హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి పోయి, ఇంధన కడ్డీలుగా మారుతుంది. రియాక్టరులో వాడిన కడ్డీల నుంచి ప్లుటోనియం తీసి, కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరుకు వాడాలన్నది భాభా కాలం నుంచి ఉన్న పథకం. ఆ రియాక్టరు 2010కే పూర్తి కావలసింది. దాని గర్భాన్ని నింపే పని (కోర్ లోడింగ్) 2024 మార్చి 4న మొదలైంది. పరిశోధన అంటే ఓపిక అని ఎవరికైనా చూపాలంటే ఈ ఉదాహరణ చాలు.

మరి టన్నులో అర కిలో కూడా కాని సరుకు తీసుకున్నాక, మిగిలిన రాయి ఎక్కడికి పోతుంది?

కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నులు. పూర్తిగా నడిస్తే దాదాపు అన్ని టన్నులూ బురదగా మారి బయటికి రావలసిందే. కొంత గనిలోకే తిరిగి పోయినా, తక్కినదంతా కొండల నడుమ కట్టిన చెరువులోకి గొట్టాల ద్వారా చేరుతుంది. దాన్ని టెయిలింగ్ పాండ్ అంటారు. కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె, భూమయ్యగారిపల్లె ప్రజలు ఉండేది ఆ పరిసరాల్లోనే. యురేనియం తీసేశారు కదా, ఇంకేముంది అనుకోవద్దు. అది కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ పుట్టించిన థోరియం, రేడియం ఆ బురదలోనే ఉంటాయి. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. రాతికి ఉన్న రేడియోధార్మికతలో ఎక్కువ పాలు పోయేది చెరువుకే, సంచిలో హైదరాబాదుకు పోయే పొడికి కాదు. రియాక్టరు ఆయుష్షు నలభై, అరవై ఏళ్లు. చెరువు ఆయుష్షుకు అలాంటి లెక్క లేదు.

బోర్లలో నీళ్లు తెల్లటి పొర కడుతున్నాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, పశువులకు జబ్బులు వస్తున్నాయని అక్కడి రైతులు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. చెరువు అడుగున బంకమన్ను, ప్లాస్టిక్ పొరలను షరతుల ప్రకారం పరిచారా లేదా అన్న ప్రశ్న లేచింది. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. చెరువు నుంచి ఏమీ ఊరడం లేదని, ఆ నేలలో యురేనియం సహజంగానే ఉందని సంస్థ వాదన.

ఆ వాదనను ఎగతాళి చేయనక్కరలేదు. రాతి నేలలో లోతుకు దించిన బోరులో యురేనియం సహజంగా రావచ్చు, ఫ్లోరైడు వచ్చినట్టే. కానీ ఇది నమ్మకంతో తేలే విషయం కాదు, కొలిస్తే తేలేది. గని తవ్వకముందు అవే బోర్లలో ఎంత ఉందో, ఇప్పుడెంత ఉందో పక్కపక్కన పెట్టవచ్చు. శుద్ధిలో వాడేది సోడా కనుక చెరువు ఊరితే నీటిలో సోడియం, కార్బనేట్లు పెరగాలి. అది వేలిముద్ర లాంటిది. కార్బనేటు కలిసిన నీటిలో యురేనియం సులువుగా కదులుతుందన్న సంగతి మీదే కదా ఆ కర్మాగారం నడుస్తున్నది! ఒత్తిడి పాత్రలో పనిచేసే రసాయన సూత్రం మట్టి కట్ట దాటగానే పనిచేయడం మానదు. యురేనియంలోని రెండు రకాల పరమాణువుల నిష్పత్తిని బట్టి నీరు ఎక్కడిదో ఊహించే పద్ధతులు కూడా ఉన్నాయి. రాతిలోంచి గ్రాములు ఏరగల దేశానికి ఇవి కష్టమైన పనులు కావు.

కొలతలు అసలే లేవని కాదు. అణు కేంద్రాల పరిసరాల్లో గాలి, నీరు, మన్ను పరీక్షించే ప్రయోగశాలలను భాభా కేంద్రమే నడుపుతుంది. చిక్కల్లా ఎవరు ఎవరిని కొలుస్తున్నారన్నదే. గని నడిపే సంస్థ అణుశక్తి శాఖది. పద్ధతి కనుక్కున్న ప్రయోగశాల అణుశక్తి శాఖది. నీళ్లు పరీక్షించేదీ ఆ శాఖే. వీటన్నిటి మీద నిఘా పెట్టే నియంత్రణ బోర్డు కూడా ఇన్నాళ్లూ అణుశక్తి కమిషన్‌కే జవాబు చెప్పింది, ఆ కమిషన్ అధ్యక్షుడేమో శాఖ కార్యదర్శి. కొత్త చట్టం ఆ బోర్డుకు చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఇది మంచి అడుగే. అయితే హోదా ఇచ్చినంత మాత్రాన ఇల్లు మారినట్టు కాదు.

ప్రమాణాల సంగతి చూడండి. తాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అణు నియంత్రణ బోర్డు పెట్టుకున్న హద్దు 60. భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో 30నే తీసుకుంది. 45 వచ్చిన బోరు ఒక కాగితం మీద మంచిది, ఇంకో కాగితం మీద చెడ్డది. బిందె ఎత్తుకొచ్చిన తల్లికి ఏ కాగితం చూపాలి?

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడ అంతరిక్ష శాఖకు చెందిన జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల 1990ల మొదటి నుంచి పెద్ద రాడారుతో ఆకాశాన్ని కొలుస్తోంది. అదీ కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలే. విశ్వవిద్యాలయాల పరిశోధకులు అక్కడికి పోయి ఆ పరికరాన్ని వాడుకున్నారు, ఫలితాలు ప్రచురించారు, ఒకరి లెక్కను మరొకరు సరిచేశారు. గాలికి రహస్యం లేదు, యురేనియానికి ఉంది అంటారేమో. ఒప్పుకుందాం. రియాక్టరు నమూనా రహస్యం కావచ్చు, ఇంధనం నిల్వ రహస్యం కావచ్చు. కొట్టాల బోరులో సోడియం ఎంతో ఏ శత్రు దేశానికి కావాలి?

నీళ్ల దగ్గర వచ్చే తగాదా ఎంత పాతదో ఇస్సాకు బావుల కథ తెలిసిన మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. తుమ్మలపల్లెలో ఆ తగాదా ఊరికీ కంపెనీకీ మధ్యే కాదు, ఊరి లోపల కూడా ఉంది. గని జీతం మీద బతికే ఇల్లూ, తోట పోగొట్టుకున్న ఇల్లూ ఒకే వీధిలో ఉంటే, నీళ్ల గురించి గట్టిగా మాట్లాడటానికి ఇరుగుపొరుగులు జంకుతారు. నమ్మదగిన అంకె ఒకటి గోడ మీద ఉంటే ఆ ఇద్దరికీ మేలే. 2019 సెప్టెంబరులో నల్లమలలో తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలో అన్వేషణ బోర్లు వేస్తారని తెలియగానే జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వాళ్లకు అణుశాస్త్రం తెలియకనే భయపడ్డారని కొందరు అధికారులు అనుకోవచ్చు. వాళ్లకు తెలిసింది తుమ్మలపల్లె, అది చాలింది.

తిరుపతిలో ఐఐటీ ఉంది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. వేముల మండలానికి వీటిలో ఏదీ ఒక రోజు ప్రయాణానికి మించిన దూరం కాదు. ఎండాకాలంలో ఒకసారి, వానలు కురిశాక ఒకసారి, ఊరివాళ్లు చూపిన బోర్ల నుంచి వాళ్ల ఎదుటే నీళ్లు పట్టి సీలు వేయాలి. ఒక సీసా అణుశక్తి శాఖకు, ఒకటి విశ్వవిద్యాలయానికి పంపాలి. రెండు ఫలితాలనూ తెలుగులో, హద్దు ఎంతో పక్కనే రాసి, పంచాయతీ గోడకు అంటించాలి. గని తవ్వకముందు తీసిన కొలతలను కూడా అదే గోడ మీద పెట్టాలి. నీళ్లు మంచివని తేలితే ఆ కాగితం వల్ల ముందుగా మేలు పొందేది యూసీఐఎల్లే.