కాలువ త్రవ్విన చాలునా?

కృష్ణకు ఆనకట్ట కట్టినంతమాత్రమున డెల్టా సస్యశ్యామలము కాలేదు. 1855లో కట్టడము ముగిసిన పిదపను కాలువలు సాగి, బోదెలు చీలి, లస్కరు తూమెత్తి, రైతు మడిలోనికి నీరు మళ్లించుకొన్నప్పుడుగదా బీడు పైరైనది! ఈ సత్యమును మన రైతుబిడ్డ లందఱును ఎఱుగుదురు. విద్యావిషయమున మాత్రము మన ప్రభుత్వములు దీనిని మఱచినట్లున్నవి.

2017 జూలైలో కేంద్రప్రభుత్వము ‘స్వయం’ అను ఆన్‌లైన్ విద్యావేదికను నెలకొల్పినది. 2021లో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను ఒక సెమిస్టరులోని పాఠ్యాంశములలో నూటికి 40 వంతుల వఱకు అందు చదువుకొనవచ్చునని నిబంధన చేసినది. కాలువ త్రవ్వుట యైనది. తూమెత్తవలసిన అధ్యాపకునికి ఆ పని నేర్పినవా రెవరు?

2020 మార్చి 25న దేశమంతయు తలుపులు మూసికొన్ననాడు మన అధ్యాపకులు చేతిలోని సెల్‌ఫోనునే నల్లబల్లగా చేసికొని పాఠములు చెప్పిరి. అది వారి కర్తవ్యదీక్షకు నిదర్శనము. కాని ఆపద్ధర్మము విద్యాపద్ధతి కాజాలదు. ‘స్వయం’ పాఠమునకు నాలుగంగములు విధింపబడినవి: వీడియో ప్రసంగము, చదువుకొను పాఠము, చర్చ, పరీక్ష. గంటసేపు చెప్పిన ఉపన్యాసమును అట్లే చిత్రించి పంపిన ఈ నాలుగును సమకూడవు. తరగతిలో గురువు శిష్యుని ముఖము చూచి, అర్థము కాలేదని గ్రహించి, మఱల చెప్పును. తెర మీద ఆ ముఖము కానరాదు. పాఠమును చిన్నచిన్న ఖండములుగా విభజించుట, నడుమ ప్రశ్న వేయుట, ఇంటిల్లిపాదికి ఒకే ఫోనున్న దివిసీమ విద్యార్థికిని అందునట్లు కూర్చుట, ఇవన్నియు నేర్వవలసిన విద్యలు.

“చదువుకొన్నవారే కదా, తామే నేర్చుకొనరాదా?” యని కొంద ఱందురు. ఫోను వాడనేర్చుట వేఱు, దానితో బోధింపనేర్చుట వేఱు. 2023 సెప్టెంబరులో ఆరంభమైన మాలవీయ మిషను అధ్యాపక శిక్షణమున ఈ సాంకేతికవిద్యయు ఎనిమిది అంశములలో నొకటిగా చేర్పబడినది. సంతోషమే! కాని కొలది దినముల శిక్షణ ముగిసి యోగ్యతాపత్రము చేతికి వచ్చిన మఱునాడు తరగతిలో సందేహము కలిగిన, అడుగుటకు పక్కన నెవరున్నారు? గంటల లెక్కను వేతనము పొందు అతిథి అధ్యాపకుని మాట మఱింత దయనీయము. ఇరువది నిమిషముల మంచి పాఠమును కూర్చుటకు పట్టు దినములకు ఆతనికి కూలియే లేదు.

కావున మేము కోరున దేమనగా, మచిలీపట్నమున కృష్ణా విశ్వవిద్యాలయమును, నాగార్జున విశ్వవిద్యాలయమును తమ పరిధిలోని కళాశాలల కెల్ల ఆధారమగునట్లు శాశ్వత సహాయశాలలను బలపఱుపవలెను. అందు పాఠములు చిత్రించు గదియు, ఓపికతో నేర్పు నిపుణులును ఉండవలెను. ప్రతి కళాశాలయందును ఒక అధ్యాపకునికి కొన్ని తరగతులు తగ్గించి, సహోద్యోగులకు తోడ్పడు బాధ్యత నొప్పగింపవలెను. పాఠము కూర్చిన కాలమును పనిగంటలలో చేర్చి, అతిథి అధ్యాపకులకును దానికి ప్రతిఫల మీయవలెను. పల్లెవిద్యార్థికి తెలుగున పాఠములు కావలెను గనుక, ఆ శిక్షణయు తెలుగున జరుగవలెను.

ఇది మనకు క్రొత్తకాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గ్రంథములను పడవ కెక్కించి కాలువగట్టు గ్రామములకు చేర్చిరి. పడవ యుండుటచేతనే పుస్తకము పాఠకుని చేరలేదు. పడవ నడిపినవాడును, పుస్తకము చేతికిచ్చినవాడును ఉండిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టినదియు ఈ బెజవాడయందే. అట్టి నగరము నేడు యంత్రములను లెక్కించి తృప్తిపడుట తగదు.

తల్లిదండ్రులారా, పురప్రముఖులారా! కళాశాలలో కంప్యూటరు లెన్ని యున్నవని అడుగుచున్నారు. అధ్యాపకునికి వానిని నేర్చుకొను తీరిక నిచ్చితిరా యని కూడ అడుగుడు. తూమెత్తనేర్పక, నీరు రాలేదని లస్కరును నిందించుట న్యాయము కాదు.