చెఱగని వ్రాత

పచ్చబొట్టు మన దేశమునకు క్రొత్త గాదు. ఎఱుకలసాని యింటింటికి దిరిగి, సూదులతో మసిని పసరును గ్రుచ్చి, మన యవ్వల చేతులపై చుక్కలను ముగ్గులను పొడిచెడిది. నేడా పనిని పట్టణపు టంగళ్లలో విద్యుద్యంత్రములు చేయుచున్నవి. యువకులు ప్రియురాలి పేరును, అభిమాననటుని ముఖమును, ఇష్టదైవమును మేనిపై వ్రాయించుకొనుచున్నారు. ఇది తప్పని తీర్పు చెప్పుట మా యుద్దేశము గాదు. ఎవరి దేహముపై వారిదే యధికారము. ఆ యధికారమును వినియోగించుటకు ముందెంత విచారణ యవసరమన్నదే ప్రశ్న.

నుదుటివ్రాతను వ్రాయువాడు బ్రహ్మ యని మనవారందురు. 1797లో వంగదేశమున కుంపిణీ ప్రభుత్వ మా గంటమును తన చేతికి దీసికొని, యావజ్జీవ శిక్షితుల నుదుట వారి నేరమును పొడిపింప శాసించెను. ఆ ఘోరము 1849లో గాని తొలగలేదు. దీనికి భిన్నముగ, ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్ది చివర, అంటరానివారని గుడి వాకిట నిలిపివేయబడిన జనులు రామనామమును తమ మేనినిండ పొడిపించుకొనిరి. వారే రామనామీలు. గుడి తలుపులు మూసినవారు ఆ నామమును వారి చర్మమునుండి ఒలువజాలకపోయిరి. రెండుచోట్లను సూది యొక్కటే. ఒకటి దాస్యము, ఒకటి స్వాతంత్ర్యము. భేద మెక్కడ? వ్రాయించుకొనువాని నిశ్చయమునందు!

నిశ్చయమన క్షణికోద్రేకము గాదు. రంగు పైచర్మమున నిలిచిన నది కొలది దినములకే రాలిపోవును; కాని సూది దానిని క్రింది పొరలో నాటును. లేజరు కాంతితో చెఱపించుటకు పలుమారులు పోవలెను. ధనవ్యయము, బాధ తప్పవు. జాడ మిగులదను పూచీ లేదు. శుభ్రపఱుపని సూది కామెర్ల వ్యాధిని, హెచ్.ఐ.వి.ని రక్తమున జేర్పగలదు. అందుచేతనే మన రక్తదాన నియమములు పొడిపించుకొన్నవారిని 12 నెలలు ఆగుమనుచున్నవి. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుండి యీ రంగులలోని వేలకొలది రసాయనములకు నిర్బంధములు విధించినది.

జీవనోపాధి ప్రశ్న యింకను గంభీరము. భారతసైన్యమున జేరగోరువానికి ముంజేతి లోపలివైపునను, చేతి వెనుకభాగమునను మాత్రమే శాశ్వతమైన పచ్చబొట్టు అనుమతింపబడును. గిరిజనులకు వారి యాచారమును బట్టి మినహాయింపు గలదు. ఏండ్ల తరబడి వేకువనే లేచి పరుగెత్తిన రైతుబిడ్డ, తిరునాళ్లలో గంటసేపు మెడపై పొడిపించుకొన్న బొమ్మవలన ఆ వాకిటినుండి మరలవలసివచ్చును. ఆ నష్టమును తీర్చువా రెవరు?

అరయెకరము పొలము విక్రయించుటకు పూర్వము పత్రములు చదివింతుము, పెద్దల నడుగుదుము. 1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివాని దస్తావేజు చెల్లనే చెల్లదు. రద్దుచేయుటకు వీలులేని యీ దేహపత్రమున కంతకన్న తక్కువ జాగ్రత్త చాలునా?

కావున బాలబాలికలకు పొడుచుటను తలిదండ్రులే నివారింపవలెను. పురపాలక సంఘము లీ యంగళ్ల సూదులను, రంగులను పరీక్షింపవలెను. యువకుడు తన కోరికను ఒక సంవత్సరము మనస్సున నిలిపి చూచుకొనవలెను. అప్పటికిని అది చెఱగకున్న, క్రొత్త సూదిని తన కన్నులయెదుట విప్పించి, నిర్భయముగ చేయి చాపవచ్చును. ఏడాదిలోపల మనస్సున మాసిపోవు వ్రాతకు మేనిపై చోటీయనేల?