ముందే నిండిన కుర్చీకి ఇంటర్వ్యూలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో, అంటే కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని పరుగెత్తే ఆ దేశపు ఆటలో, జనవరి వచ్చిందంటే ఓడిన జట్ల హెడ్ కోచ్‌లకు ఉద్వాసన, గెలిచిన జట్ల అసిస్టెంట్ కోచ్‌లకు ఇంటర్వ్యూ పిలుపులు మామూలే. ఆ పిలుపును ఎవరైనా కాదంటే అతనికి ఎదగాలన్న తపన లేదని, బాధ్యతకు జంకుతున్నాడని వ్యాఖ్యాతలు తేల్చేస్తారు. ఏటా వినవచ్చే ఈ తీర్పు చాలా అన్యాయమైనది.

2003లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో అమలులోకి వచ్చిన రూనీ నియమం ప్రకారం, హెడ్ కోచ్ పదవి ఖాళీ అయిన క్లబ్బు అప్పట్లో కనీసం ఒక మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చేసి తీరాల్సి ఉండేది. ఆ ఏడాదే డెట్రాయిట్ లయన్స్ క్లబ్బు స్టీవ్ మారియూచీని తీసుకోబోతున్నదని అందరికీ తెలిసిపోయాక, పిలుపు అందుకున్న ఐదుగురు నల్లజాతి కోచ్‌లు ఒకరి తర్వాత ఒకరు రామన్నారు. మారియూచీ నియామకం జరగనే జరిగింది. నియమాన్ని పాటించనందుకు క్లబ్బు అధ్యక్షుడు మాట్ మిలెన్‌కు లీగ్ 2 లక్షల డాలర్ల జరిమానా విధించింది. నియమం పాటించామని కాగితం మీద చూపుకోవడానికే తమను పిలుస్తున్నారని గ్రహించి, ఆ తంతులో పాలుపంచుకోవడానికి ఒప్పుకోని ఆ ఐదుగురిని పిరికివారనడం ఎంత తప్పు! దాదాపు ఇరవయ్యేళ్ల తర్వాత, 2022లో, బ్రయన్ ఫ్లోరెస్ అనే కోచ్ వేసిన దావాలోనూ అదే ఫిర్యాదు ఉంది: న్యూయార్క్ జెయింట్స్ క్లబ్బులో తన ఇంటర్వ్యూకు మూడు రోజుల ముందే ఆ పదవి మరొకరికి ఖాయమైందని ఆయన ఆరోపించగా, క్లబ్బు ఖండించింది.

అన్ని తిరస్కారాలకూ కారణం ఇదే కాదు. అదే డెట్రాయిట్‌లో దాడి విభాగాన్ని నడిపే కోఆర్డినేటర్‌గా ఉన్న బెన్ జాన్సన్, 2024లో వాషింగ్టన్ క్లబ్బు ప్రతినిధులు తనతో మాట్లాడడానికి విమానంలో వస్తుండగానే తప్పుకుని, మరుసటి ఏడాది షికాగో బేర్స్ పదవిని స్వీకరించాడు. తొలి పదవిలో విఫలమైనవారికి రెండో అవకాశం అరుదైన చోట, ఎవరి కింద పనిచేయాలో ఎంచుకోవడం వివేకమే.

అసలు తప్పు యజమానుల తొందరపాటులో ఉంది. వ్యాఖ్యాతలు దాని జోలికే పోరు. హ్యూస్టన్ టెక్సన్స్ క్లబ్బు 2021లో తీసుకున్న డేవిడ్ కల్లీని, 2022లో తీసుకున్న లవీ స్మిత్‌ను ఒక్కొక్క సీజన్‌కే సాగనంపి, 2023లో మూడో కోచ్‌ను తెచ్చుకుంది. నియమానికి పేరిచ్చిన డాన్ రూనీ కుటుంబానికి చెందిన పిట్స్‌బర్గ్ స్టీలర్స్ క్లబ్బులో, 1969లో హెడ్ కోచ్ చక్ నోల్ తన తొలి సీజన్‌లో 14 మ్యాచ్‌లలో 13 ఓడినా ఆయనను ఎవరూ కదపలేదు. 1991 వరకు కొనసాగిన ఆయన లీగ్ విజేతను తేల్చే సూపర్ బౌల్ టైటిళ్లు నాలుగు సాధించిపెట్టాడు. హ్యూస్టన్‌లో మూడేళ్లకే ముగ్గురు కాగా, పిట్స్‌బర్గ్‌లో 1969 నుంచి 2024 వరకు పనిచేసిన హెడ్ కోచ్‌లూ ముగ్గురే.